ఇంటి యంత్రము: వేళకు జరుగని తనిఖీ, అనుమతి లేదను మాట



ఇంటి కంప్యూటరును గుఱించి ఈ పుటలో వ్రాయ మొదలిడినప్పటినుండి వచ్చుచున్న జాబులలో చాలభాగము ఒక్క విషయమునే యడుగుచున్నవి. వానిలో గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు నాకు మిక్కిలి నచ్చినది. “ప్రతి ఆదివారము రాత్రి 10 గంటలకు వైరసు తనిఖీ జరుగునట్లు మా తమ్ముడు ఏర్పాటు చేసి పోయినాడు. మూడు వారములుగా చూచుచున్నాను, ఒక్కమాఱును జరుగలేదు. నేనే సరిచేయుదమని తెఱచితినా, మీకు అనుమతి లేదని తెఱమీద వచ్చినది. నా యింటి యంత్రమున నాకు అనుమతి లేకపోవుట యేమి? ఇంతకు నది యెవరిది?” అని యామె ప్రశ్న. జాబు చివర, “మా వారి నడిగిన, నీకెందుకు ఆ గొడవ యనిరి” అని కూడ వ్రాసినది.

ఆ కడపటి వాక్యము చదివి నాకు నవ్వును, కొంచెము కోపమును వచ్చినవి. నేడు మన యిండ్లలో ఆ యంత్రమునం దేమేమి యున్నవో ఒకమాఱు తలచుకొనుడు. పిల్లల జననపత్రములు, మార్కుల పట్టీలు, పట్టాదారు పాసుపుస్తకముల ప్రతులు, బ్యాంకు లెక్కలు, పోయినవారి ఛాయాచిత్రములు. బీరువా తాళపుచెవి కొంగున ముడివేసికొను అధికారము గల యిల్లాలికి ఈ రెండవ బీరువా సంగతి మాత్రము అక్కఱలేదనుట యే న్యాయము?

ఆ సోదరి యడిగినవి రెండు ప్రశ్నలు. తనిఖీ యేల జరుగలేదు? అనుమతి యేల లేదు? ఈ రెండును ఒక్క ముడిగా కనబడును గాని వేఱువేఱు పోగులు. ముడిని కత్తెరతో కోసివేయుమని సలహా చెప్పువారు వీధికొకరు గలరు. నేను పోగులను విడదీయుటకే యత్నించెదను. ఇందు చెప్పునది విండోస్ 10, విండోస్ 11 గల యంత్రములకును, వానితోబాటే వచ్చు మైక్రోసాఫ్ట్ డిఫెండరు అను కాపరికిని సంబంధించినది. వేఱు యాంటీవైరసు కొనుక్కొన్నవారికి మీటల పేర్లు మాఱును గాని న్యాయమొక్కటియే.

మొదట, వాకిట కాపరి యుండగా వారమున కొకమాఱు ఇల్లంతయు వెదకుట యెందుకను సందేహము తీర్చుకొందము. పరీక్షిన్మహారాజు కథ మీరెఱుగనిది కాదు. ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, చుట్టును కావలి పెట్టించి, విషవైద్యులను దగ్గఱ నుంచుకొని ఆఱు దినములు నిశ్చింతగా గడపెను. ఏడవనాడు విప్రవేషమున వచ్చినవారు ఫలములు తెచ్చిరి. కావలివారు ఫలములను చూచి లోనికి పోనిచ్చిరి. పండులోని పురుగు తక్షకుడని వారికేమి తెలియును? వారు పాములకొఱకు కాచియుండిరి గాని పురుగులకొఱకు కాదు.

మన యంత్రమునందును ఇట్లే. రియల్ టైమ్ ప్రొటెక్షన్ అనునది వాకిటి కావలి. ఏ ఫైలు తెఱచినను, ఏది క్రొత్తగా వచ్చి చేరినను అది యప్పటికప్పుడు చూచును. ఆ కావలి చేతిలో దుష్టప్రోగ్రాముల ఆనవాళ్ళ పట్టిక యొకటి యుండును. ఆ పట్టిక దినదినమును పెరుగుచుండును. సోమవారమున లోనికి వచ్చిన ఫైలుయొక్క ఆనవాలు బుధవారపు పట్టికలో చేరవచ్చును. అంతవఱకు ఆ ఫైలు ఏ మూలనో కదలక మెదలక పడియుండును. దానిని వెదకి పట్టుటకే వేళ యేర్పఱచిన తనిఖీ.

ఈ తనిఖీ రెండు తెఱగులు. క్విక్ స్కాన్ అనునది దుష్టప్రోగ్రాములు సాధారణముగా కాపురముండు తావులను మాత్రము చూచును. కొద్ది నిమిషములలో ముగియును. ఫుల్ స్కాన్ అనునది ప్రతి ఫైలును చూచును. పాత యంత్రమైనచో గంటలు పట్టును. వాకిటి కావలి యెడతెగక పనిచేయుచున్న యింట వారమువారము క్విక్ స్కాన్ చాలును. ఏదైన పట్టుబడిన తరువాత మాత్రము ఫుల్ స్కాన్ చేయవలెను. ప్రతిరాత్రియు ఫుల్ స్కాన్ పెట్టి యంత్రము నత్తవలె నడచుచున్నదని వగచుట, నిత్యము అటకమీది సామానంతయు దింపి దులుపుకొనుట వంటిది.

ఇక తనిఖీ యేల జరుగదో చూతము. నాకు వచ్చిన జాబులను బట్టి చూడ, పెక్కు యిండ్లలో కారణము వైరసు కాదు, మన యలవాటే. రాత్రి 9 గంటలకు ల్యాప్‌టాపు మూత వేసి, ఉఱుము లొచ్చునేమోయని ప్లగ్గు లాగి, గోడ స్విచ్చి కూడ ఆర్పి పడుకొందుము. 10 గంటలకు జరుగవలసిన తనిఖీ యెట్లు జరుగును? నిద్రించువానిని లేపక పని చేయలేదని నిందించినట్లుండును. ప్లగ్గు పెట్టక బ్యాటరీపై నడచునప్పుడును తనిఖీ మొదలు కాకుండునట్లు యంత్రమున నియమముండవచ్చును. కావున మొట్టమొదటి మందు వేళను మార్చుట. మధ్యాహ్నము 2 గంటలకు, భోజనములై వంటిల్లు సర్దుకొని, యంత్రము చార్జింగునకు పెట్టియుండు వేళ మంచిదని నా యభిప్రాయము.

వేళలు వ్రాసియుంచు గుమాస్తా పేరు టాస్క్ షెడ్యూలరు. వెదకు గడిలో ఆ పేరు టైపు చేసిన కనబడును. దానిపై మౌసు కుడిమీట నొక్కి “రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్” అనుదానిని ఎంచుకొనుడు. ఊరక తెఱచుటకును ఇట్లు తెఱచుటకును గల భేదమే మన సోదరి రెండవ ప్రశ్నకు సగము జవాబు. అది ముందు చెప్పెదను. తెఱచిన పిమ్మట ఎడమవైపున లైబ్రరీ, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్ అని ఉల్లిపొరలవలె ఒకదానిలో నొకటి యుండును. కడపటిదానిలో నాలుగు పద్దులు కనబడును. “విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్” అనుదానిని రెండుమార్లు నొక్కుడు.

అందు ట్రిగ్గర్స్ అను పుట వేళలది. అది ఖాళీగా నున్నదని కొందఱు బెదరుచున్నారు. బెదరవలదు. మీరు వేళ నిర్ణయింపనిచో యంత్రము తనకు తీఱిక చిక్కినప్పుడు తానే చూచుకొనును. మీ వేళ మీకు కావలెనన్న “న్యూ” అను మీట నొక్కి దినమును గంటను వ్రాయుడు. కండిషన్స్ అను పుటలో, ప్లగ్గు పెట్టియున్నప్పుడే పని మొదలిడవలెనను నియమమునకు టిక్కు పెట్టియున్నదేమో చూడుడు. నిద్రించు యంత్రమును లేపి పని చేయించు గడియు అచ్చటనే యున్నది. అన్నిటికంటె నాకు ప్రియమైనది సెట్టింగ్స్ పుటలోని యొక వాక్యము: వేళ తప్పినచో వీలైనంత త్వరగా ఆ పని జరుపుమని చెప్పునది. ఎప్పుడు కరెంటు పోవునో తెలియని మన యూళ్ళలో ఆ గడికి టిక్కు పెట్టుకొనుట యావశ్యకము. మధ్యాహ్నము తప్పినది సాయంత్రము జరిగిపోవును.

జరిగినదో లేదో తెలియుటెట్లు? గుమాస్తా పద్దు ప్రక్కన “లాస్ట్ రన్ రిజల్ట్” అని యొక గడి గలదు. అందు సున్న యున్నచో పని సవ్యముగా ముగిసినది. 41303 తో ముగియు సంఖ్య యున్నచో ఆ పని యింతవఱకు మొదలే కాలేదు. 41301 తో ముగిసినచో ఇప్పుడు నడచుచున్నది; కొంచెము ఓపిక పట్టవలెను. 80070005 అని యున్నచో అనుమతి నిరాకరింపబడినదని యర్థము.

ఇందు మయసభ వంటి వింత యొకటి గలదు. కొన్నిసార్లు ఆ గడిలో 2 అను అంకె వచ్చి, దానిప్రక్క “ఫైలు కనబడలేదు” అను నర్థము గల వాక్యముండును. చదివినవారు డిఫెండరు ఫైలే పోయినదని గుండెలు బాదుకొని, విండోసును మొదటినుండి ఎక్కింప సిద్ధపడుదురు. నేలను నీరనుకొని దుర్యోధనుడు బట్టలెత్తి పట్టుకొన్నట్లే యిది. డిఫెండరు తన తనిఖీ ముగించి 2 అని చెప్పినచో, ఏదో దుష్టఫైలు దొరికి ఇంకను మీ నిర్ణయమునకై వేచియున్నదనియో, తనిఖీ నడుమ ఏదో చిక్కు వచ్చినదనియో దాని భావము. గుమాస్తాకు ఆ భాష రాదు. తనకు తెలిసిన నిఘంటువులో 2 నకు “ఫైలు లేదు” అని యుండగా అదే వ్రాయును. కావున 2 కనబడినప్పుడు విండోస్ సెక్యూరిటీ తెఱచి, అందు ప్రొటెక్షన్ హిస్టరీ అను చరిత్ర పుట చూడవలెను. ఏదైన దొరికి మీ మాటకై వేచియున్నచో అచ్చట కనబడును, తొలగింపుమని చెప్పుడు.

మఱియొక కారణము పాస్‌వర్డు. కొందఱు తమంతట తాము షెడ్యూలరునందు క్రొత్త పని వ్రాసి, తాము లోనికి రాకున్నను అది జరుగునట్లు పాస్‌వర్డు ఇచ్చియుంచుదురు. ఆ తరువాత ఎన్నడో పాస్‌వర్డు మార్తురు. గుమాస్తా వద్ద పాతదే యుండును. పని ఆగిపోవును, తెఱమీద చప్పుడు చేయదు. పాస్‌వర్డు మార్చినవారు ఆ పద్దును మఱల తెఱచి క్రొత్తది వ్రాయవలెను.

రెండు యాంటీవైరసులు పెట్టుకొన్నవారు కూడ వ్రాసినారు. ఒక ఒరలో రెండు కత్తు లిమడవు. వేఱొక యాంటీవైరసు కొలువునకు వచ్చినచో డిఫెండరు తప్పుకొనును. దాని తనిఖీ జరుగదు, జరుగనక్కఱలేదు. యంత్రము కొన్నప్పుడు కొన్ని మాసములకు ఉచితముగా వచ్చి, గడువు తీఱి, పేరునకు మాత్రము కూర్చుండియున్న కాపరి గలవా రుందురు. అది అన్నిటికంటె చెడ్డ స్థితి. డబ్బు కట్టుడు, లేదా పూర్తిగా తొలగింపుడు. విండోస్ సెక్యూరిటీలో వైరసు రక్షణ పుట తెఱచినచో ఇప్పుడు కొలువున ఎవరున్నారో చెప్పును.

ఇప్పుడు రెండవ పోగు. నా యింట నాకు అనుమతి లేదనగా రోషము కలుగుట సహజము. కాని యంత్రమునకు మీరెవరో తెలియదు. ఏ ఖాతాతో లోనికి వచ్చితిరో అంతయే తెలియును. అడ్మినిస్ట్రేటరు ఖాతావారు ప్రోగ్రాములను చేర్పవచ్చును, తీసివేయవచ్చును, కాపరి నియమములను మార్పవచ్చును. స్టాండర్డు ఖాతావారు తమ పని తాము చేసికొనవచ్చును గాని గోడలు కదల్పలేరు. మన సోదరి తమ్ముడు యంత్రము నమర్చునప్పుడు పెద్ద ఖాతా తన పేరనుంచుకొని, అక్కగారికి స్టాండర్డు ఖాతా నిచ్చియుండును. అట్లు రెండు ఖాతాలు పెట్టుట మంచి పనియే. పెద్ద ఖాతా పాస్‌వర్డు తనతో హైదరాబాదునకు తీసికొనిపోవుట మాత్రము బాగులేదు. అతనికి ఫోను చేసి అడిగి, కాగితముపై వ్రాసి, బీరువాలో నుంచుకొమ్మని ఆమెకు నా సలహా.

అడ్మినిస్ట్రేటరు ఖాతాతో వచ్చినను నిత్యవ్యవహారము చిన్న అధికారముతోనే నడచును. పెద్ద పని వచ్చినప్పుడు తెఱ మసకబారి, ఈ ప్రోగ్రాము మార్పులు చేయుటకు మీకు సమ్మతమా యని యడుగును. 2007 లో విండోస్ విస్టాతో ఈ పద్ధతి వచ్చినది. నాడు విసుగుకొననివారు లేరు. “రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్” అని తెఱచుటలోని రహస్య మిదియే: ముందుగనే పెద్ద అధికారము నడిగి లోనికి పోవుట. ఊరక తెఱచిన గుమాస్తా పద్దులను చూపును గాని దిద్దనీయకపోవచ్చును. ఆ మసక తెఱ వచ్చినప్పుడు చూడవలసిన దొక్కటియే. ఆ పని మీరు మొదలిడినదైన అవుననుడు. మీరేమియు చేయకుండ కూర్చున్నప్పుడు వచ్చిన వలదనుడు. వలదన్నందున చెడున దేమియు లేదు.

మా యింట పెద్ద ఖాతా నా యొద్ద నున్నది. మా వారు ప్రశ్నపత్రములు వ్రాసికొనుట స్టాండర్డు ఖాతాలోనే. క్రొత్త ప్రోగ్రాము కావలసినప్పుడు వంటింటి గడపదాక వచ్చి, పాస్‌వర్డు కొట్టి పొమ్మందురు. బడిలో దినమంతయు “లోనికి రావచ్చునా అండీ” అనిపించుకొనువారికి ఇంట నొకమాఱు అడుగుట మేలే చేయునని నా నమ్మకము.

అనుమతి లేదను మాట ప్రతిచోట రోగలక్షణము కాదు. తనిఖీ నివేదికలో కొన్ని ఫైళ్ళు చూడలేదని యుండును. బ్యాంకువారు పాస్‌వర్డు పెట్టి పంపు పత్రములను, తాళము వేసిన జిప్పు ఫైళ్ళను ఏ కాపరియు లోన తొంగిచూడలేదు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అను ఫోల్డరు యంత్రము తన సొంత అవసరములకు, పూర్వస్థితికి మఱలుటకు కావలసిన సామగ్రికి ఉంచుకొన్న గది. అందు అడ్మినిస్ట్రేటరునకు కూడ తిన్నగా ప్రవేశము లేదు. మీరు వేఱుగా దింపుకొన్న తనిఖీ ప్రోగ్రామును స్టాండర్డు ఖాతాతో నడపినచో ఇట్టి గదుల పేర్లు బారెడు వచ్చును. డిఫెండరు తన వేళకు తాను నడచునప్పుడు సిస్టమ్ అను లోపలి ఖాతాతో నడచును గనుక దాని కా యడ్డులు చాలవఱకు లేవు. ఆ గదుల తలుపులు మీరు బ్రద్దలు కొట్టి తెఱువవలసిన పని లేదు.

ఇంకొక నిరాకరణ గలదు. అది మనసుకు దగ్గఱిది. మా వీధిలో నొక పెద్దావిడ యున్నారు, పిన్నిగారని పిలుతును. వారి భర్త చక్కగా పద్యములు పాడెడివారు. పాడి తన కంప్యూటరులో దాచుకొనెడివారు. ఆయన పోయిన రెండేండ్లకు ఆ యంత్రమును పోయినది. దుకాణమువారు దాని డిస్కు తీసి, డబ్బాలో పెట్టి, తీగ తగిలించి యిచ్చిరి. మనుమడి క్రొత్త ల్యాప్‌టాపునకు తగిలింపగా భర్తగారి పేరుగల ఫోల్డరు కనబడినది గాని, నొక్కగనే “ఈ ఫోల్డరును తెఱచుటకు మీకు ప్రస్తుతము అనుమతి లేదు” అని వచ్చినది. దుకాణమున నడిగిన, డిస్కు చెడినది, ఫార్మాటు చేయవలెననిరి. ఫార్మాటనగా పలకను తుడిచివేయుటయే. పిన్నిగారు నా యొద్దకు వచ్చి, “అమ్మాయీ, ఆయన గొంతు అందులో ఉందే. ఇక పోయినట్టేనా?” అనిరి.

పోలేదు. డిస్కు చెడినచో అనుమతి మాట రాదు. యంత్రము ప్రతి ఖాతాకు పేరుతోబాటు ఒక పొడవైన సంఖ్య నిచ్చి, ఫైలుయొక్క హక్కుదారు ఆ సంఖ్యయేయని వ్రాసికొనును. పాత యంత్రముతో ఆ సంఖ్య యంతరించినది. క్రొత్త యంత్రమున అదే పేరుతో ఖాతా తెఱచినను సంఖ్య వేఱు. పొలము పోయినవారి పేరనే యున్నది, వారసుల పేరికి ఇంకను మాఱలేదు, సంగతి యంతయే. ఆ ‘పేరు మార్పు’ చేయు అధికారము అడ్మినిస్ట్రేటరునకు గలదు.

తెఱచుటకు ముందు ఆ డిస్కు పేరుపై కుడిమీట నొక్కి డిఫెండరుచేత దానిని మాత్రమే తనిఖీ చేయించితిని. చిరకాలము మూలబడిన పెట్టె తెఱచునప్పుడు మొదట దులుపుట న్యాయము. పిమ్మట ఆ వాక్యము క్రిందనే యున్న “కంటిన్యూ” మీట నొక్కితిమి. ఒక్కొక్క ఫైలునకు క్రొత్త యనుమతి వ్రాయవలెను గాన ఆకుపచ్చని గీత మెల్లగా ప్రాకినది. పిన్నిగారు తెఱవైపు చూడక కిటికీవైపు తిరిగి కూర్చుండిరి. తెఱచుకొనిన తరువాత ఏ ఫైలు మొదట వినిపింపవలెనని అడిగితిని. ఏదైనను సరేయనిరి.

“కంటిన్యూ” పనిచేయనిచో మఱియొక మార్గము గలదు. ఆ ఫోల్డరుపై కుడిమీట నొక్కి ప్రాపర్టీస్, అందు సెక్యూరిటీ, అందు అడ్వాన్స్‌డ్ తెఱచినచో పైభాగమున ఓనరు పేరును, దాని ప్రక్క “ఛేంజ్” అను మీటయు నుండును. అచ్చట మీ ఖాతా పేరు వ్రాసి, లోపలి ఫైళ్ళకును వర్తింపజేయుమని టిక్కు పెట్టవలెను. ఇదంతయు ఆ యొక్క ఫోల్డరుకే, గట్టు దాటరాదు. తరువాత ముఖ్యమైన వానిని వేఱొక డిస్కులోనికి కూడ ప్రతి తీసికొనుడు. అయితే బిట్‌లాకరు తాళము వేసిన డిస్కు సంగతి వేఱు. దానికి 48 అంకెల తాళపుచెవి కావలెను. అది లేనిచో ఎవరును తెఱువలేరు. విండోస్ 11 గల క్రొత్త యంత్రములలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోనికి వచ్చినప్పుడు ఈ తాళము తనంత తానే పడుచుండుట గలదు. తాళపుచెవి ఆ ఖాతాలో దాగియుండును. నేడే చూచి కాగితముపై వ్రాసికొనుడు.

అనుమతి బాధ భరింపలేక కొందఱు చేయు పను లున్నవి. సి డ్రైవు మొత్తమునకు “ఎవ్రీవన్” అని వ్రాసి సర్వాధికారములు ఇచ్చివేయుట వానిలో మొదటిది. ఎవరో ఒక పంక్తి ఆజ్ఞ వ్రాసి యిత్తురు. అది అంటించి ఎంటరు నొక్కుటయే. క్షణములో అడ్డులన్నియు పోవును. ఇంటి తలుపులన్నియు ఊడదీసి వీధిలో పెట్టినట్లే. విండోస్ తన ఫైళ్ళకు తాను పెట్టుకొన్న కట్టుబాట్లు చెదరి, ప్రోగ్రాములు ఒక్కొక్కటియే తెఱచుకొనుట మానును. ఏ ఫైలున కే హక్కు ఉండెడిదో తిరిగి వ్రాయుట మానవసాధ్యము కాదు. చివరకు యంత్రమును మొదటినుండి అమర్చుకొనుటయే గతి.

రెండవది మన తెలుగువారికి బాగుగా తెలిసినది. తెలుగు టైపు చేయుటకో, పిల్లవాని ఆటకో వెల గల ప్రోగ్రాముయొక్క దొంగప్రతి యెవరో పెన్‌డ్రైవులో తెచ్చి యిత్తురు. దానితోబాటు చిన్న చీటి: “ముందు యాంటీవైరసు ఆపుడు.” కావలివానిని నిద్రపుచ్చి లోనికి రమ్మను చుట్టము ఎట్టివాడో చెప్పనేల? కొందఱు ఆపుటతో ఆగక, ఎక్స్‌క్లూజన్స్ అను పట్టికలో సి డ్రైవునంతయు చేర్చి పోవుదురు. అందు చేర్చిన చోటులను తనిఖీ చూడదు. అప్పుడు ఆదివారము తనిఖీ ఠంచనుగా జరుగును, ఏమియు దొరకలేదని చెప్పును, మనము సంతసింతుము. వైరసు రక్షణ పుటలో మేనేజ్ సెట్టింగ్స్ క్రింద ఆ పట్టిక గలదు. ఒకమాఱు చూచి, మీరెఱుగని పద్దు లుండిన తీసివేయుడు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడ గలదు. డాక్యుమెంట్స్ ఫోల్డరులో దాచనీయక మీ సక్రమమైన టైపు ప్రోగ్రామునే యంత్రము అడ్డగించుచున్నచో, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అను రక్షణను ఎవరో వెలిగించియుందురు. ఆ రక్షణ నార్పవలదు. ఆ యొక్క ప్రోగ్రామును అనుమతి పొందినవాని పట్టికలో చేర్చినచో చాలును. పత్రములకు తాళము వేసి డబ్బు గుంజు ప్రోగ్రాములనుండి కాపాడుటకే అది యేర్పడినది. 2017 మే నెలలో వాన్నాక్రై అనునది ఇట్లే లోకమున పెక్కు దేశముల యంత్రములను పట్టినప్పుడు ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ చిక్కినవి. అది దూఱిన కన్నమును పూడ్చు నవీకరణను మైక్రోసాఫ్టువారు అదే యేడు మార్చి నెలలోనే యిచ్చియుండిరి.

“ఈ యమరికలు మీ సంస్థచే నిర్వహింపబడుచున్నవి” అను నర్థము గల వాక్యము మీ తెఱమీద కనబడినచో, యంత్రము బడివారో కార్యాలయమువారో ఇచ్చినదైన అది న్యాయమే. చేయి పెట్టక వారినే యడుగుడు. సొంత డబ్బుతో కొన్న యింటి యంత్రమున ఆ వాక్యము వచ్చిన మాత్రము అనుమానింపవలెను. ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక ప్రోగ్రాము, మీకు తెలియకుండ నియమములు వ్రాసినది. అట్టి వేళ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అనునది ఉపయోగించును. యంత్రము ఆగి మఱల లేచి, విండోస్ మేల్కొనకమునుపే తనిఖీ జరుగును. సుమారు 15 నిమిషముల పని. తెఱచియున్న పత్రములను ముందుగా దాచుకొనుడు. ట్యాంపర్ ప్రొటెక్షన్ అను గడి వెలిగియున్నదో లేదో కూడ చూడుడు. కాపరిని ఇతర ప్రోగ్రాములు కదల్పకుండ కాచునది అదియే.

ఫోను చేసి “మీ యంత్రమున వైరసు గలదు, మేము మైక్రోసాఫ్టునుండి మాటాడుచున్నాము, అనుమతి యిండు, దూరమునుండియే బాగుచేయుదుము” అనువారిని గుఱించి ముగ్గురు సోదరీమణులు వ్రాసినారు. మీరు పిలువక వారెవరును పిలువరు. ఆ యనుమతి నీయవలదు, ఫోను పెట్టివేయుడు. ఇదివఱకే యిచ్చి, డబ్బు పోగొట్టుకొన్నవారు యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి, వెంటనే బ్యాంకునకును, 1930 అను సంఖ్యకును ఫోను చేయవలెను. సిగ్గుపడి ఒక దినము ఆగినచో డబ్బు నిలిపివేయు నవకాశము తగ్గిపోవును.

కృష్ణా తీరమునుండి వ్రాసిన సోదరికి: మీ యంత్రము విండోస్ 10 ది. దానికి సాధారణ నవీకరణలు 2025 అక్టోబరు 14 తో ఆగినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మాత్రము గడువు కొంత పొడిగింపబడినది. తనిఖీ ఇప్పటికిని జరుగుచున్నదని వ్రాసితిరి, నిజమే. కాని ఆనవాళ్ళ పట్టిక క్రొత్తది వచ్చినంత మాత్రమున గోడలోని పగుళ్ళు పూడవు. అప్‌డేట్ పుటలో నమోదు చేసికొను మార్గమున్నదేమో చూడుడు. యంత్రము విండోస్ 11 నకు తగినదైన ముందు పత్రములన్నియు వేఱు డిస్కున ప్రతి తీసికొని, తరువాత మాఱుడు. ప్రతి తీసికొను పద్ధతి, ఏ డిస్కు కొనవలెను, ఎన్నాళ్ళ కొకమాఱు తీయవలెను అను సంగతులు వచ్చు మాసమున వ్రాసెదను.